కొత్తది బిగించే ముందు పాతది ఎందుకు పోయిందో అడగాలి

పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో నమ్మకంగా పనిచేసిన కంప్యూటర్ ఒకరోజు బటన్ నొక్కినా ఉలకదు, పలకదు. ఫ్యాన్ తిరగదు, లైటు వెలగదు. మన కార్యాలయాల్లో, బడుల్లో, డీటీపీ సెంటర్లలో అప్పటికప్పుడే తీర్పు పడిపోతుంది: పాతది కదా, పోయింది, కండెమ్ చేసేద్దాం. కాస్త ఓపిక ఉన్నవాళ్లు నంద్యాల నుంచో కర్నూలు నుంచో కొత్త ఎస్‌ఎంపీఎస్ తెప్పించి బిగిస్తారు. కొన్నాళ్లకు అదీ పోతుంది. మూలన పడేయడం ఎంత తప్పో, కారణం చూడకుండా మార్చేయడమూ అంతే తప్పు. పాత కంప్యూటర్లలో మిగతా వాటికన్నా ముందు అరిగిపోయే భాగాల్లో కరెంటు అందించే ఆ డబ్బా ఒకటి. అది ఆగిపోయినంత మాత్రాన కంప్యూటర్ చచ్చిపోయినట్టు కాదు. పైగా అది ఊరికే ఆగదు. గదిలో వేడి, లైన్లో వోల్టేజి, గోడలో ఎర్తింగ్, చాలాసార్లు వీటిలో ఏదో ఒకటి దాన్ని ఆ స్థితికి తెచ్చి ఉంటుంది. ఆ సాక్ష్యం డబ్బాలోనే దొరుకుతుంది. దాన్ని చదవగలిగిన మనుషులు వెలుగోడులాంటి మండల కేంద్రాల్లో, నంద్యాల, ఆళ్లగడ్డలాంటి పట్టణాల్లో ఉండాలి. వాళ్లను తయారుచేయడం ప్రభుత్వం చేయదగిన పని, చేయాల్సిన పని.

ముందు ఆ డబ్బాలో ఏం జరుగుతుందో చూద్దాం. గోడ ప్లగ్గులోంచి వచ్చేది 230 వోల్టుల ఏసీ, సెకనుకు 50 సార్లు ఊగే కరెంటు. కంప్యూటర్ చిప్పులకు కావలసింది 5 వోల్టులు, 12 వోల్టులు, అదీ నిలకడైన డీసీ. పాత పద్ధతిలో ఇందుకు బరువైన ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, తీసుకున్న కరెంటులో దాదాపు సగం వేడిగా పోతుంది. 1977లో వచ్చిన యాపిల్-2 కోసం రాడ్ హోల్ట్ తయారుచేసిన సప్లై ఆ బరువును వదిలించుకుంది. స్విచ్చింగ్ పద్ధతిని ఆయన కనిపెట్టలేదు. అంతకుముందే ఉపగ్రహాల్లో, కొలత పరికరాల్లో, పెద్ద కంప్యూటర్లలో అది ఉంది. దాన్ని ఇంటి కంప్యూటర్‌లోకి తెచ్చిన తొలివాళ్లలో ఆయన ఒకరు. 1981 నాటి ఐబీఎం పీసీలో 63.5 వాట్ల సప్లై ఉంటే, 1984 నాటి ఐబీఎం ఏటీలో 192 వాట్లది పెట్టారు. ఆ వరుసలో వచ్చినవే ఇప్పుడు మనవాళ్లంతా ఎస్‌ఎంపీఎస్ అని పిలిచే డబ్బాలు. వీటిలో 230 వోల్టుల ఏసీని బ్రిడ్జి డయోడ్లు నేరుగా డీసీగా మారుస్తాయి. అక్కడ వోల్టేజి సుమారు 325కు చేరుతుంది. ఆ డీసీని ట్రాన్సిస్టర్లు సెకనుకు పదుల వేల సార్లు తెంచుతూ, కలుపుతూ ఉంటాయి. అంత వేగంగా ఊగే కరెంటుకు అరచేతిలో పట్టే ట్రాన్స్‌ఫార్మర్ చాలు. అవతలివైపు మళ్లీ డయోడ్లు, కెపాసిటర్లు దాన్ని 5, 12 వోల్టులుగా నిలబెడతాయి. టీఎల్494 లాంటి చిప్పు బయటికి వెళ్లే వోల్టేజిని అనుక్షణం కనిపెట్టుకుని ఉండి, ట్రాన్సిస్టర్లు ఎంతసేపు తెరుచుకోవాలో నిర్ణయిస్తుంది.

ఇందులో కెపాసిటర్ల పని ఏమిటో వెలుగోడు వాళ్లకు సులువుగా అర్థమవుతుంది. శ్రీశైలం నీళ్లు పోతిరెడ్డిపాడు దాటి, బనకచర్ల మీదుగా వచ్చి, దాదాపు 17 టీఎంసీలు పట్టే వెలుగోడు బ్యాలెన్సింగ్ రిజర్వాయర్లో నిలుస్తాయి. పైనుంచి వచ్చే నీరు ఒకనాడు పొంగి, ఒకనాడు తగ్గినా, కింద తెలుగుగంగ కాలువకు ఒక లెక్క ప్రకారం వదలగలిగేది ఆ నిల్వ ఉండబట్టే. ఎస్‌ఎంపీఎస్‌లో పెద్ద కెపాసిటర్లు అదే చేస్తాయి. ఎగుడుదిగుడుగా వచ్చే కరెంటును పట్టి, ఒకే మట్టంలో వదులుతాయి. వాటి సామర్థ్యం తగ్గిన కొద్దీ ఆ ఎగుడుదిగుళ్లు చిప్పుల దాకా వెళతాయి. మీటరులో 5 వోల్టులు సరిగ్గానే కనిపిస్తుంది గానీ దాని మీద అలలు ఉంటాయి. ఇప్పటి పీసీ సప్లైలు పాటించే ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం 5 వోల్టుల లైను మీద ఆ అల 50 మిల్లీవోల్టులు, 12 వోల్టుల లైను మీద 120 మిల్లీవోల్టులు దాటకూడదు. దాటితే కంప్యూటర్ ఆన్ అవుతుంది, మధ్యలో ఆగుతుంది, తనంతట తనే రీస్టార్ట్ అవుతుంది. జనం వైరస్ అనుకుంటారు, విండోస్ మళ్లీ ఎక్కిస్తారు. అసలు జబ్బు అట్లాగే ఉంటుంది.

కెపాసిటర్ ఎందుకు పోతుంది? వేడి వల్ల. దాని లోపల ఉండే ద్రవం మెల్లమెల్లగా ఆరిపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్స్‌లో అందరూ వాడే లెక్క ఒకటి ఉంది. దాన్ని నంద్యాలకు వర్తింపజేసి చూడండి. వేసవిలో 42, 43 డిగ్రీలు ఈ ఊరికి కొత్త కాదు. ఏసీ లేని గదిలో 40 డిగ్రీలు ఉంటే, డబ్బా లోపల మరో 25 కలుపుకుని 65 అనుకుందాం. 85 డిగ్రీల దగ్గర 2000 గంటలు వస్తుందని ముద్రవేసిన చౌక కెపాసిటర్ 65 డిగ్రీల దగ్గర సుమారు 8000 గంటలు వస్తుంది. రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు నడిచే కార్యాలయంలో అది మూడేళ్ల పైచిలుకు. అదే 105 డిగ్రీల కెపాసిటర్ అయితే 32000 గంటలు, అంటే పదమూడేళ్లు. ఏడాదంతా ఎండాకాలం కాదు కాబట్టి నిజానికి రెండూ ఇంకొంచెం ఎక్కువే రావచ్చు. తేడా మాత్రం నాలుగు రెట్లు. విడిగా కొంటే ఆ రెండు కెపాసిటర్ల ధరలో తేడా కొద్ది రూపాయలే. ఎస్‌ఎంపీఎస్ కొనేటప్పుడు స్టిక్కర్ మీద వాట్లు చూస్తాం. లోపలి కెపాసిటర్ మీద 85 ఉందో 105 ఉందో చూసేవాళ్లు ఎందరు? దీనికి దుమ్ము తోడవుతుంది. బేతంచెర్ల నాపరాళ్లు పాలిష్ పట్టే చోట, ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే వీధుల్లో గాలిలో రాతి పొడి ఉంటుంది. అది ఫ్యాన్ రెక్కల మీద, జాలీ మీద పేరుకుని గాలి ఆడనివ్వదు. లోపల మరో 10 డిగ్రీలు పెరిగితే పైన వేసిన లెక్కంతా సగమైపోతుంది. ఆరు నెలలకోసారి డబ్బా బయటి జాలీని, ఫ్యాన్‌ను బ్రష్షుతో దులపడం కొత్త ఎస్‌ఎంపీఎస్ కొనడంతో సమానమని చెబితే అతిశయోక్తి కాదు.

రెండో దోషి వోల్టేజి. ఊళ్లో మోటార్లన్నీ ఒకేసారి ఆన్ చేసినప్పుడు లైటు మసకబారడం మనకు తెలుసు. మామూలు బల్బుకు వోల్టేజి తగ్గితే వెలుగు తగ్గి ఊరుకుంటుంది. ఎస్‌ఎంపీఎస్ అట్లా ఊరుకోదు. అవతల కావలసిన వాట్లు ఇచ్చి తీరాలి కాబట్టి ఇవతల ఎక్కువ కరెంటు గుంజుతుంది. 230కి బదులు 150 వోల్టులే వస్తే సుమారు ఒకటిన్నర రెట్ల కరెంటు లాగి, ట్రాన్సిస్టర్లను, బ్రిడ్జిని కాలుస్తుంది. ఎక్కువ వోల్టేజి మాట సరేసరి. త్రీఫేజ్ లైన్లో న్యూట్రల్ తీగ తెగితే, తక్కువ లోడు ఉన్న ఇంటికి 230కి బదులు 300 దాటి కూడా రావచ్చు. పాత ఎస్‌ఎంపీఎస్‌లలో ముందువైపు 200 వోల్టుల కెపాసిటర్లు రెండు వరుసగా ఉంటాయి. రెండూ కలిసి ఓర్చుకునేది 400 వోల్టుల డీసీ. గోడలో 283 వోల్టుల ఏసీ వచ్చిందంటే ఆ హద్దు చేరినట్టే. ఇక వెనకవైపు ఉండే ఎర్రటి 115, 230 స్విచ్ సంగతి. పిల్లలో, తుడిచేవాళ్లో పొరపాటున దాన్ని 115 వైపు జరిపితే, ఒక్కో 200 వోల్టుల కెపాసిటర్ మీదికి ఏకంగా 325 వోల్టులు వస్తాయి. ఢామ్మని పేలుతుంది. ఆ స్విచ్ మీద గట్టి టేపు వేసి ఉంచితే ఈ ప్రమాదం తప్పుతుంది. డబ్బా విప్పినప్పుడు ఇది ఏ దోషి పని అన్నది చాలాసార్లు గుర్తుపట్టవచ్చు. ఫ్యూజు గాజు నల్లబడి, వెండిపూత పూసినట్టుంటే లోపల గట్టి షార్ట్ అయిందని అర్థం. బ్రిడ్జి, ట్రాన్సిస్టర్లు చూడకుండా కొత్త ఫ్యూజు వేస్తే అదీ కాలుతుంది. తీగ మెత్తగా మధ్యలో తెగి, గాజు తేటగా ఉంటే వయసు మీరో, క్షణకాలం ఎగసిన కరెంటుకో తెగి ఉండవచ్చు. ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టడం మాత్రం క్షమించరాని పని. అది సమస్యను ఫ్యూజు దగ్గర ఆపకుండా బోర్డు దాకా, ఒక్కోసారి ఇంటి దాకా పంపుతుంది.

మూడోది ఎర్తింగ్. కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోంది, ఎస్‌ఎంపీఎస్ లీకైంది, మార్చాలి అంటారు. చాలాసార్లు ఎస్‌ఎంపీఎస్‌లో తప్పేమీ ఉండదు. ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి డబ్బా రేకుకు రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. రేడియో రొదను అవి ఎర్త్‌లోకి పంపాలి. ఎర్త్ తీగ నిజంగా నేలలోకి వెళ్లకపోతే, ఆ రెండూ కలిసి రేకును దాదాపు 115 వోల్టుల దగ్గర నిలబెడతాయి. కరెంటు అతి తక్కువ కాబట్టి జిల్లుమని వదిలేస్తుంది. ఆ డబ్బా తీసి కొత్తది పెట్టినా అదే జిల్లు, ఎందుకంటే తప్పు గోడలో ఉంది. మూడు పిన్నుల సాకెట్ పెట్టి, మూడో పిన్నుకు తీగే కలపకుండా వదిలేసిన ప్లగ్గులు మన ఊళ్లలో కొల్లలు. నిజంగా లోపల ఇన్సులేషన్ పోయినప్పుడూ రేకు షాకిస్తుంది, అది ప్రాణాంతకం. ఈ రెండింటికీ తేడా మీటరుతో తేల్చాలి, చేతి స్పర్శతో కాదు. ఎర్త్ లేని సాకెట్లో కంప్యూటర్ నడపడం ఆపితే ఈ అనుమానానికే తావుండదు.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఎస్‌ఎంపీఎస్ మౌనంగా ఉందంటే అది చెడిపోయిందని కాదు, ఒక్కోసారి అది తన బాధ్యత సరిగ్గా చేస్తోందని అర్థం. అవతలివైపు షార్ట్ ఉంటే వెంటనే ఆగిపోయేట్టు దాన్ని రూపొందించారు. ఐబీఎం పీసీ, ఎక్స్‌టీల కాలం నాటి మదర్‌బోర్డుల మీద 12 వోల్టుల లైనుకు చిన్న టాంటలమ్ కెపాసిటర్లు ఉండేవి. వాటి ఓర్పు 16 వోల్టులే. ఏళ్లు గడిచాక అవి షార్టవడం మామూలు. ఒక్క చిన్న గింజ షార్టయితే 130 వాట్ల సప్లై మూగబోతుంది. ఎస్‌ఎంపీఎస్ మార్చినా అదే మౌనం. తెలియనివాళ్లు కొత్తదీ పోయిందంటారు. బోర్డుకు వెళ్లే ప్లగ్గు పీకి, మీటరుతో 12 వోల్టుల లైనుకు, గ్రౌండుకు మధ్య నిరోధం కొలిస్తే రెండు నిమిషాల్లో తేలే విషయమిది. దీనికి తిరకాసు మరొకటి. పాత స్విచ్చింగ్ సప్లైలను ఏ లోడూ లేకుండా ఒంటరిగా ఆన్ చేస్తే కొన్ని అసలు మొదలవవు, కొన్ని మొదలై వెంటనే ఆగుతాయి. బల్ల మీద పెట్టి బటన్ నొక్కి, రాలేదు కాబట్టి పోయింది అనడం అన్యాయం. 12 వోల్టుల లైనుకు ఒక కారు బల్బు, 5 వోల్టుల లైనుకు తగిన రెసిస్టర్ తగిలించి అప్పుడు చూడాలి. ఏటీఎక్స్ రకాల్లో ఆకుపచ్చ తీగను నల్ల తీగకు కలిపితేనే మొదలవుతుంది. ఊదారంగు తీగ మీద 5 వోల్టులు ఎప్పుడూ ఉండాలి, లేకపోతే వెతకాల్సింది స్టాండ్‌బై సర్క్యూట్‌లో. అక్కడ ఒక బొటనవేలి గోరంత కెపాసిటర్ ఆరిపోతే, కొన్ని చౌక డిజైన్లలో ఆ 5 వోల్టులు హద్దుమీరి పెరిగి మదర్‌బోర్డునే కాల్చేస్తుంది. కొద్ది రూపాయల భాగం వేల రూపాయల బోర్డును తినేస్తుందన్న మాట.

మరి ఎట్లా వెతకాలి? ఈ పనికి మన రేడియో, టీవీ మెకానిక్‌లు తరాలుగా వాడుతున్న సాధనమే ఇప్పటికీ అన్నిటికన్నా మంచిది: సిరీస్ బోర్డు. ఫేజ్ తీగలో 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్ బల్బును వరుసగా కలిపి, దాని గుండా ఎస్‌ఎంపీఎస్‌కు కరెంటు ఇస్తారు. బల్బు ఒక్కసారి భగ్గున వెలిగి తగ్గిపోతే పెద్ద కెపాసిటర్లు నిండాయి, ముందువైపు షార్ట్ లేదు. పూర్తి వెలుగుతో నిలిచిపోతే బ్రిడ్జో, ట్రాన్సిస్టరో షార్ట్. అసలు వెలగకపోతే ఫ్యూజో, స్విచ్చో, తీగో తెగింది. వెలుగుతూ ఆరుతూ ఉంటే సప్లై మొదలవబోయి ఆగుతోంది, తప్పు అవతలివైపు డయోడ్లలోనో, ఆరిపోయిన స్టార్టింగ్ కెపాసిటర్‌లోనో ఉండవచ్చు. విలువైన భాగాలేవీ కాలకుండా ఇంత సమాచారం ఇచ్చే చవకైన పరికరం ఇంకొకటి లేదు. ఈ పనికి ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు. 2015లో ఎల్‌ఈడీ బల్బులు పంచే ఉజాలా పథకం వచ్చాక ఫిలమెంట్ బల్బులు దుకాణాల్లోంచి తగ్గిపోయాయి కాబట్టి, రిపేరు చేసేవాళ్లు నాలుగైదు కొని దాచుకోవడం మంచిది. సిరీస్ బోర్డుకన్నా ముందు చేయాల్సిన పని మాత్రం ఇంకా చవక: ప్లగ్గు పెట్టకుండా విప్పి చూడటం, వాసన చూడటం. ఉబ్బిన కెపాసిటర్ తల, కారిన మరక, నల్లబడిన బోర్డు, బల్లి చచ్చి అంటుకున్న చోటు, ఊడిన సోల్డర్, ఇవన్నీ కంటికే కనిపిస్తాయి. ముఖ్యంగా 1999 తరువాత కొన్నేళ్లపాటు లోపమున్న ద్రవంతో తయారైన కెపాసిటర్లు ప్రపంచమంతా లక్షల బోర్డులను పాడుచేశాయి. ఆ కాలపు కంప్యూటర్ విప్పితే మొదట చూడాల్సింది వాటి తలలనే.

పొగ వచ్చిందంటే అంతా అయిపోయినట్టేనా అంటే, అదీ కాదు. మన దేశంలో బడులకు కంప్యూటర్లు ఒక పథకంగా వచ్చింది 1984-85లో, క్లాస్ అనే కార్యక్రమం కింద. అప్పుడు పిల్లలు తాకినవి బ్రిటన్‌లో ఏకార్న్ కంపెనీ రూపొందించిన బీబీసీ మైక్రోలు. ఆ యంత్రాల సప్లైలో కరెంటు రొదను ఆపేందుకు రిఫా కంపెనీ కాగితపు కెపాసిటర్లు వాడారు. ఏళ్లు గడిచాక వాటి పైపూత పగిలి, తేమ చేరి, ప్లగ్గు పెట్టగానే గది నిండా కంపు పొగ వదిలి కాలిపోతాయి. చూసినవాళ్లు హడలిపోతారు. అయితే అది రొదను ఆపే భాగమే తప్ప కంప్యూటర్ నడవడానికి అవసరమైనది కాదు, చాలాసార్లు పొగ వచ్చాక కూడా ఆ యంత్రం పనిచేస్తూనే ఉంటుంది. ఆ రెండు మూడు కెపాసిటర్లు కొత్తవి వేస్తే సరిపోతుంది. వేయకుండా నడపకూడదన్నదీ అంతే నిజం. ప్రపంచంలో పాత కంప్యూటర్లను కాపాడుకునేవాళ్లు బీబీసీ మైక్రో చేతికి రాగానే, ఆన్ చేయకముందే వీటిని మార్చేస్తారు. మన బడుల్లోని యంత్రాల్లో ఎన్ని ఇలా పొగకు భయపడి తూకానికి వెళ్లాయో ఊహించుకోవచ్చు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది: కొన్ని వందల రూపాయలకు కొత్త ఎస్‌ఎంపీఎస్ దొరుకుతుంటే ఈ తంటా ఎందుకు? మామూలు ఏటీఎక్స్ కంప్యూటర్ విషయంలో ఈ మాటలో న్యాయం ఉంది. కారణం తెలిశాక, వేడినో ఎర్తింగ్‌నో సరిచేశాక, కొత్త డబ్బా పెట్టడం తప్పేమీ కాదు, చాలాసార్లు అదే తెలివైన పని. కానీ కారణం తెలియకుండా పెట్టిన కొత్త డబ్బా కూడా అదే గదిలో, అదే వోల్టేజిలో, అదే దుమ్ములో నడవాలి. అప్పుడు కొన్ని వందలు ఒకసారి కాదు, పదేపదే ఖర్చవుతాయి. పైగా అన్ని యంత్రాలకూ కొత్త డబ్బా దొరకదు. ఏటీ కాలం నాటి కంప్యూటర్‌కు రెండు ప్లగ్గులు పక్కపక్కన పెట్టాలి, నల్ల తీగలు రెండు మధ్యలోకి రావాలి. తారుమారైతే బోర్డు క్షణంలో పోతుంది. కొన్ని పాత కార్డులకు మైనస్ 5 వోల్టులు కావాలి, ఇప్పటి సప్లైల్లో ఆ లైనే లేదు. ఇక తెలుగువాళ్లకు ప్రత్యేకమైన సంగతి మరొకటి. యూనికోడ్ వాడుకలోకి రాకముందు ఏళ్ల తరబడి తెలుగు డీటీపీ అంతా వేర్వేరు సాఫ్ట్‌వేర్లలో, ఒకదానికొకటి పొసగని ఫాంట్లలో జరిగింది. కొన్ని యంత్రాల్లో సీడాక్ వాళ్ల జిస్ట్ కార్డు మదర్‌బోర్డు మీద పాత ఐఎస్ఏ స్లాటులో కూర్చుంటేనే తెలుగు కనిపించేది. కొన్ని డీటీపీ సాఫ్ట్‌వేర్లు ప్రింటర్ పోర్టుకు తగిలించే లాక్ లేనిదే తెరుచుకోవు. నంద్యాల, ప్రొద్దుటూరులాంటి ఊళ్ల ప్రెస్సుల్లో ఇరవై ముప్పై ఏళ్ల కిందట కంపోజ్ చేసిన పుస్తకాలు, కరపత్రాలు, గుడి శాసనాల నకళ్లు అలాంటి ఫైళ్లలో ఉన్నాయంటే ఆశ్చర్యం లేదు. వాటిని తెరవగల యంత్రం ఒక్కటే మిగిలి, దానికి తప్పుడు సప్లై తగిలించి బోర్డు కాల్చుకుంటే, పోయేది కొన్ని వందల రూపాయలు కాదు. 1998 నవంబరులో మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ కార్యాలయాలను కంప్యూటర్లకు మార్చిన కార్డ్ పథకం మొదలైంది. పాలనలో కంప్యూటర్ వాడకానికి దేశానికి దారిచూపిన ఆ తరం యంత్రాల్లో ఒక్కటైనా ఆన్ చేసి చూపగలిగే స్థితిలో జిల్లాకొకటి మిగలాలని కోరడం అత్యాశ కాదు.

రెండో అభ్యంతరం ప్రమాదం గురించి. దీన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ప్లగ్గు పీకిన తరువాత కూడా పెద్ద కెపాసిటర్లలో 325 వోల్టుల దాకా నిలిచి ఉండవచ్చు. దాన్ని ఖాళీ చేసేందుకు పెట్టిన రెసిస్టర్ తెగిపోయి ఉంటే ఎంతసేపు ఉంటుందో చెప్పలేం. స్క్రూడ్రైవర్‌తో మెరుపు పుట్టించి ఖాళీ చేయడం చాలాచోట్ల చూస్తాం, అది తప్పు. తగిన వాటేజి ఉన్న రెసిస్టర్‌తో నెమ్మదిగా ఖాళీ చేసి, మీటరుతో కొలిచి, ఆ తరువాతే చెయ్యి పెట్టాలి. సిరీస్ బల్బు యంత్రాన్ని కాపాడుతుంది గానీ మనిషిని కాపాడదు. కరెంటున్న బోర్డు మీద కొలతలు తీయాలంటే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి, ఒక చెయ్యి వెనక్కి ఉండాలి, పక్కన స్విచ్ ఆపగల ఇంకొక మనిషి ఉండాలి. ఇవి తెలియని వాళ్లు డబ్బా విప్పకూడదనే నేనూ అంటాను. కానీ ఈ ప్రమాదం నేర్పకపోవడానికి కారణం కాదు, సరిగ్గా నేర్పడానికి కారణం. ఎవరూ నేర్పని చోట జనం వీడియోలు చూసి విప్పుతున్నారు, ఫ్యూజు బదులు తీగ చుడుతున్నారు. అసలు ప్రమాదం అక్కడుంది. పాతవి కరెంటు ఎక్కువ తింటాయి, వాటిని బతికించడం వృథా అనే మాట కూడా వినిపిస్తుంది. రోజంతా నడిచే యంత్రాలకైతే నిజమే, ఆఫీసు పని కొత్తవాటి మీదే చేసుకోవాలి. నెలకో గంట తెరిచి పాత ఫైళ్లు తీసే యంత్రానికి ఆ లెక్క వర్తించదు.

నేర్పే చోటు మనకు ఉంది. ఐటీఐల్లో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడు రెండేళ్లు చదివే పిల్లలకు ఎస్‌ఎంపీఎస్ పాఠంలో ఉంది. నంద్యాల ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది, జిల్లాలో ఇంజనీరింగ్ కళాశాలలున్నాయి. కానీ బాగున్న కిట్టు మీద వోల్టేజి కొలిస్తే చేయి తిరగదు. నిజంగా పాడైన డబ్బాలు, పాడైన తీరు తెలియని డబ్బాలు పదులకొద్దీ చేతికి రావాలి. అవి ప్రభుత్వ కార్యాలయాల్లోనే ఉన్నాయి. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల కంప్యూటర్లు, యూపీఎస్‌లు ఇప్పుడు ఒక్కొక్కటే మొరాయించే వయసుకు వస్తున్నాయి. అంతకుముందు బడులకు ఐసీటీ పథకం కింద ఇచ్చినవి మూలల్లో ఉన్నాయి. నిబంధనలు ఒప్పుకోవంటారా? 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఈ-వేస్ట్ నిబంధనలు రీసైక్లర్‌తో పాటు, పాతవాటిని బాగుచేసేవాళ్లను కూడా నమోదు చేసుకోమంటున్నాయి. వ్యర్థం అని ప్రకటించక ముందు పరీక్షించడానికి ఏ అడ్డూ లేదు, ప్రకటించాక కూడా నమోదైన రీఫర్బిషర్‌కు ఇవ్వడానికి దారి ఉంది. కావలసింది ఒక ఉత్తర్వు, ఒక బల్ల, కొన్ని పరికరాలు.

ఈ పని ఒక్క పాత కంప్యూటర్ల కోసమే కాదు. వెలుగోడుకు ఎంతో దూరం లేని గడివేముల మండలం గని గ్రామం దగ్గర, దాని పక్కనే ఓర్వకల్లు మండలం శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. పాణ్యం మండలం పిన్నాపురంలో పంప్డ్ స్టోరేజితో మరో భారీ ప్రాజెక్టు వచ్చింది. సోలార్ ఇన్వర్టరు, ఇంట్లో యూపీఎస్, ఎల్‌ఈడీ దీపం డ్రైవరు, ఎలక్ట్రిక్ స్కూటర్ చార్జరు, అన్నింటిలోనూ ఉన్నది ఇదే సూత్రం: వేగంగా తెంచి కలిపే ట్రాన్సిస్టర్లు, వేడికి ఆరిపోయే కెపాసిటర్లు. వందల రూపాయల పాత డబ్బా మీద తప్పులు చేసి నేర్చుకున్న పిల్లవాడు రేపు లక్షల విలువైన ఇన్వర్టర్ ముందు ధైర్యంగా నిలబడతాడు. ఇంత కరెంటు పుట్టించే జిల్లాలో, ఆ కరెంటును మలిచే యంత్రం చెడిపోతే విప్పి చూడగలిగేవాళ్ల కోసం బయటి ఊళ్లకు ఫోన్లు చేయాల్సి రావడం మంచిది కాదు.

కాబట్టి జిల్లా యంత్రాంగం మూడు పనులు చేయాలని కోరుతున్నాను. ఎస్‌ఎంపీఎస్ పరీక్ష చేసి, పోయిన కారణం రాసిన ఒక పేజీ నివేదిక లేనిదే ఏ కంప్యూటర్‌నూ కండెమ్ చేయకూడదు. ఆ పరీక్షను నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులకు, అధ్యాపకుల పర్యవేక్షణలో, చదువులో భాగంగా అప్పగించాలి. ఆ నివేదికల్లో ఎర్తింగ్ లేదనో, వోల్టేజి హద్దు మీరిందనో తేలిన ప్రతి కార్యాలయానికి, బడికి విద్యుత్ సంస్థతో కలిసి ముందు వైరింగ్ సరిచేయించాలి, కొత్త కంప్యూటర్ ఆ తరువాతే పంపాలి.